పెడళ్ల నడుమ దాగిన ఇరుసు

చదును రోడ్డు మీద సైకిల్ బాగానే పోతుంది. ఫ్లైఓవర్ ఎక్కడం మొదలుపెట్టగానే కాళ్ల కింద నుంచి కిర్రుమని చప్పుడు. కుడి పెడల్ కిందికి దిగిన ప్రతిసారీ అదే మోత. చైనుకు నూనె వేసినా పోదు, పెడళ్లు మార్చినా పోదు. షాపుకు తీసుకెళ్తే మెకానిక్ క్రాంకును చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూసి తేల్చేస్తాడు: "బీబీ పోయింది సార్, మార్చాలి."

బీబీ అంటే బాటమ్ బ్రాకెట్. ఫ్రేములో సీటు కింది కడ్డీ, హ్యాండిల్ దగ్గర నుంచి వాలుగా దిగే కడ్డీ, వెనక చక్రం వైపు సాగే రెండు సన్న కడ్డీలు కలిసే చోట అడ్డంగా ఒక పొట్టి గొట్టం ఉంటుంది. దాని లోపల ఒక ఇరుసు, ఇరుసుకు రెండు పక్కలా బేరింగులు. ఇరుసు కొనలకు క్రాంకులు, క్రాంకుల కొనలకు పెడళ్లు. తొక్కేవాడి బలమంతా చైనుకు చేరేది ఈ ఇరుసు మీదుగానే.

మార్చాలి అనడం తేలికే, ఏది తెచ్చి మార్చాలన్నదే చిక్కు. ఒకే కంపెనీ తయారుచేసి, ఒకే ధరకు, చూడటానికి ఒకేలా ఉన్న పెట్టెల్లో అమ్మే రెండు బీబీల్లో ఒకటి మీ సైకిల్‌కు చక్కగా అమరుతుంది, రెండోది సగంలోనే ఆగిపోతుంది. కారణం, నూట నలభై ఏళ్లుగా ఒక్కో దేశం, ఒక్కో కంపెనీ తనకు తోచిన కొలతతో ఈ భాగాన్ని చేస్తూ రావడం. కాబట్టి బీబీ కొనేవాడికి కంపెనీ పేరు కంటే కొలతబద్ద ఎక్కువ అవసరం. ఆ కొలతలు అలా ఎందుకు ఉన్నాయో తెలిస్తే కొనడం, బిగించడం రెండూ సులువవుతాయి.

ఇరుసు మీద పడే బరువు

70 కిలోల మనిషి సీటు మీద నుంచి లేచి, ఒక పెడల్ మీద తన బరువంతా మోపాడనుకుందాం. ఆ పక్క బేరింగు మీద పడే బరువు 70 కిలోలేనా? చాలా ఎక్కువ. పెడల్ మీద పాదం మధ్యభాగం సైకిల్ నడిగీతకు సుమారు 13 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. మామూలు బీబీలో బేరింగులు మాత్రం నడిగీతకు రెండున్నర సెంటీమీటర్లలోనే, గొట్టం లోపలే ఉంటాయి. దగ్గర దగ్గరగా పెట్టిన రెండు ఇటుకల మీద పొడవాటి పలక వేసి, బయటికి బాగా చొచ్చుకొచ్చిన కొన మీద నిలబడినట్టు ఉంటుంది పరిస్థితి. దగ్గరి ఇటుక నలిగిపోతుంది, దూరపు ఇటుక దగ్గర పలక పైకి లేస్తుంది.

లెక్క వేస్తే దగ్గరి బేరింగు మీద దాదాపు 217 కిలోల ఒత్తిడి కిందికి పడుతుంది. దూరపు బేరింగును దాదాపు 147 కిలోల బలం పైకి నెడుతుంది. రెండింటి తేడా మళ్లీ ఆ 70 కిలోలే. అర చుట్టు తిరిగేసరికి రెండో కాలు వంతు వస్తుంది, పైకీ కిందికీ బలాలు తారుమారవుతాయి. నిమిషానికి 70 చుట్లు తొక్కేవారికి గంటలో 8,400 సార్లు ఈ తారుమారు జరుగుతుంది. దీనికి తోడు చైను లాగుడు ఉంది. క్రాంకు పొడవు 17 సెంటీమీటర్లు, చైన్ వీల్‌కు 44 పళ్లు ఉంటే, అదే 70 కిలోల తొక్కుడుకు చైను మీద దాదాపు 134 కిలోల బిగువు పుడుతుంది. ఈ లాగుడులో ఎక్కువ భాగం కుడివైపు బేరింగు మీదే పడుతుంది.

బాల్ బేరింగుల ఆయుష్షు లెక్కగట్టడానికి ఇంజనీర్లు వాడే మూల సూత్రం ప్రకారం, బరువు రెట్టింపైతే ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. బీబీ రూపకల్పనలో వచ్చిన మార్పుల్లో చాలావాటి వెనక ఉన్నది ఈ బరువును తగ్గించే ప్రయత్నమే. బేరింగులను ఒకదానికొకటి దూరంగా జరపడం ఒక దారి. ఇరుసును లావు చేసి వంగకుండా చూడటం ఇంకొక దారి.

గోళీల బీబీ నుంచి సీల్డ్ బీబీ దాకా

మొదటి తరం సైకిళ్లకు బీబీ లేదు. పెడళ్లు నేరుగా ముందు చక్రం ఇరుసుకే ఉండేవి. 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ తెచ్చిన రోవర్ సైకిల్ విజయంతో చైను ద్వారా వెనక చక్రాన్ని తిప్పే పద్ధతి స్థిరపడింది. పెడళ్లకు ఫ్రేము మధ్యలో సొంత ఇరుసు అవసరమైంది. అప్పటికే బాల్ బేరింగు సిద్ధంగా ఉంది. పారిస్‌లో జూల్ సురిరే 1869లోనే సైకిళ్ల కోసం దానికి పేటెంటు తీసుకున్నాడు. 1883లో జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్‌లో ఫ్రీడ్రిష్ ఫిషర్ ఉక్కు గోళీలను ఒకే కొలతలో, నున్నని గుండ్రంగా అరగదీసే యంత్రం తయారుచేశాడు. ఈ ఒకే కొలత చాలా ముఖ్యం. ఒక్క గోళీ కొద్దిగా పెద్దదైనా మిగతావాటి బరువు కూడా అదే మోయాల్సి వస్తుంది, త్వరగా పగులుతుంది.

పాల క్యాన్లు, గ్యాస్ సిలిండర్లు మోసే మన నల్ల సైకిళ్లలో ఇప్పటికీ ఆ పాత పద్ధతే ఉంది. గొట్టానికి రెండు వైపులా ఉక్కు కప్పులు, మధ్యలో ఉబ్బెత్తు అంచులున్న ఇరుసు, ఒక్కో వైపు పావు అంగుళం గోళీలు. విడి గోళీలైతే పక్కకు 11 పడతాయి. కుడి కప్పును గట్టిగా బిగించి వదిలేస్తారు. ఎడమ కప్పును లోపలికీ బయటికీ తిప్పి బిగువు సరిచేసి, పైన లాక్ రింగు వేస్తారు. క్రాంకును ఇరుసుకు పట్టి ఉంచేది కాటర్ పిన్ను. ఈ ఏర్పాటులో ప్రతి ముక్కనూ విడిగా మార్చుకోవచ్చు. గోళీలు, గ్రీజు, సుత్తి, పానా ఉంటే ఏ పల్లెలోనైనా బాగవుతుంది. దీని లోపం దుమ్ము, నీరు సులువుగా లోపలికి పోవడం. అందుకే ఏటేటా విప్పి కడిగి కొత్త గ్రీజు పెట్టించుకోవాల్సి వస్తుంది.

గేరు సైకిళ్లలో ఎక్కువగా కనిపించేది సీల్డ్ బీబీ. ఇరుసు, రెండు బేరింగులు, వాటిని మూసే రబ్బరు అంచులు అన్నీ ఒకే డబ్బాలో ఫ్యాక్టరీలోనే బిగించి వస్తాయి. సరిచేయడానికి ఏమీ ఉండదు. అరిగిపోతే మొత్తం తీసి పారేసి కొత్తది వేయడమే. దీని ఇరుసు కొనలు నాలుగు పలకలుగా, చివరికి పోయేకొద్దీ సన్నబడుతూ ఉంటాయి. ఒక్కో పలక వాలు 2 డిగ్రీలు. క్రాంకును బోల్టుతో ఆ వాలు మీదికి నెట్టేకొద్దీ అది మేకులా బిగుసుకుంటుంది.

ఆ తర్వాతి మెట్టు బోలు ఇరుసు. షిమానో కంపెనీ 2003లో కొండ సైకిళ్లకు, 2004లో రేసు సైకిళ్లకు తెచ్చిన ఏర్పాటులో 24 మిల్లీమీటర్ల బోలు ఇరుసు కుడి క్రాంకుతో కలిసే వస్తుంది, బేరింగులు గొట్టానికి బయట కూర్చుంటాయి. పాత ఇరుసు లావు సుమారు 17 మి.మీ. వంగకుండా నిలిచే శక్తి లావు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. లోపలి బోలు 20 మి.మీ. అనుకున్నా, 24 మి.మీ. ఇరుసు పాతదానికి రెట్టింపు గట్టిగా ఉంటుంది, అందులో లోహం మాత్రం పాతదానిలో దాదాపు పదింట ఆరు వంతులే. బేరింగులు బయటికి జరగడం వల్ల పైన లెక్కగట్టిన 217 కిలోల ఒత్తిడి కూడా 150 దరిదాపులకు దిగుతుంది.

నిజంగా బీబీయేనా?

కొత్తది కొనడానికి ముందు జబ్బు అక్కడే ఉందని తేల్చుకోవాలి. ఫ్రేము బోలు గొట్టాలతో కట్టింది. ఎక్కడి చప్పుడైనా అందులో ప్రయాణించి బీబీ దగ్గరే పుట్టినట్టు వినిపిస్తుంది. సీటు కింది కడ్డీ, పెడల్ ఇరుసు, చైన్ వీల్ బోల్టులు, చివరికి వెనక చక్రం బిగింపు కూడా ఇలా మోసం చేస్తాయి. లేచి నిలబడి తొక్కితే చప్పుడు ఆగిపోతే సీటు వైపు అనుమానించాలి. పెడళ్లు మార్చి చూస్తే వాటి సంగతి తేలుతుంది.

తర్వాత రెండు పరీక్షలు. మొదటిది, క్రాంకు కొనను పట్టుకుని ఫ్రేము వైపుకు, బయటికి ఊపడం. రెండు క్రాంకులూ కలిసి ఊగితే బేరింగులు అరిగాయని, లేదా కప్పు వదులైందని అర్థం. ఒక్క క్రాంకే ఊగితే తప్పు దాని బోల్టుది లేదా కాటర్ పిన్నుది. రెండోది, చైనును చైన్ వీల్ మీద నుంచి తప్పించి క్రాంకును వేళ్లతో మెల్లగా తిప్పడం. మంచి బేరింగు నునుపుగా తిరుగుతుంది. ఇసుక నలిగినట్టు గరగరలాడితే, తిరుగుతూ తిరుగుతూ ఒకచోట పట్టేస్తే దాని పని అయిపోయింది.

బేరింగులు చాలాసార్లు బరువు వల్ల కాక నీటి వల్ల ముందే పోతాయి. వానలో సీటు కడ్డీ సందులోంచి కారే నీరు నేరుగా బీబీ గొట్టంలోకే చేరుతుంది, ఫ్రేములో అంతకంటే పల్లం లేదు. సర్వీసింగులో పైపుతో జోరుగా నీళ్లు కొట్టినప్పుడు రబ్బరు అంచులు దాటి నీరు లోపలికి పోతుంది. గ్రీజు తేటబడి, గోళీలకు తుప్పు పడుతుంది, గోళీ దారిలో సూదిమొనంత గుంటలు పుడతాయి. ఒకసారి గుంట పడ్డ కప్పు కొత్త గ్రీజుతో బాగుపడదు. పాత పద్ధతి బీబీలో కప్పు, ఇరుసు, గోళీలు మూడూ చూసి, గుంటలుంటే ఆ ముక్క మార్చాలి. గోళీలు మాత్రం ఎప్పుడూ మొత్తం సెట్టుగానే మార్చాలి, పాతవి కొన్ని కొత్తవి కొన్ని కలపకూడదు.

మూడు ప్రశ్నలు, మూడు కొలతలు

మొదటి ప్రశ్న, గొట్టం ఎలాంటిది? లోపల మర, అంటే థ్రెడ్డు, ఉందా లేదా చూడాలి. మర ఉంటే ఎక్కువగా కనిపించేది బీఎస్ఏ కొలత. 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 చుట్లు, కుడివైపు ఎడమ మర. తుపాకులు, సైకిళ్లు చేసిన బర్మింగ్‌హామ్ కంపెనీ పేరు మీద ఈ కొలతకు ఆ పేరు నిలిచింది. మన దగ్గర చెన్నైలోని టీఐ సైకిల్స్ చేసిన బీఎస్ఏ సైకిళ్ల పేరుకూ మూలం ఆ కంపెనీయే. ఇటలీ కొలత 36 మి.మీ., గొట్టం వెడల్పు 70, రెండు వైపులా కుడి మరే. పాత ఫ్రెంచి కొలత 35 మి.మీ., దానికీ రెండు వైపులా కుడి మరే. రాలీ కంపెనీ పాత సైకిళ్లలో అంగుళానికి 26 చుట్ల మర కనిపిస్తుంది. దానికి 24 చుట్ల కప్పు బిగిస్తే రెండు చుట్లు ఎక్కి పట్టేస్తుంది. అక్కడ బలవంతం చేస్తే ఫ్రేము మరే పాడవుతుంది. పిల్లల సైకిళ్లలో కొన్నింటికి 51 మి.మీ. పెద్ద రంధ్రం, మర లేని గొట్టం, రెండు క్రాంకులూ ఇరుసూ కలిసిన వంపు కడ్డీ ఉంటాయి. దానికి వేరే కప్పులు.

బీఎస్ఏ మర ఉన్న గొట్టం వెడల్పు సాధారణంగా 68 మి.మీ. లేదా 73 మి.మీ. కొలిచేటప్పుడు కప్పు అంచులను వదిలేసి, ఫ్రేము గొట్టాన్ని మాత్రమే ఈ చివర నుంచి ఆ చివర దాకా కొలవాలి. సీల్డ్ బీబీల్లో 68కి చేసింది 73కి పనికిరాదు. బయటి బేరింగుల కొండ సైకిల్ బీబీల్లో మాత్రం ఒకటే సెట్టు రెండింటికీ సరిపోతుంది. 68 గొట్టమైతే 2.5 మి.మీ. వాషర్లు మూడు, 73 అయితే ఒకటి వేయాలి. ఎటు చూసినా మొత్తం 75.5 వస్తుంది.

రెండో ప్రశ్న, క్రాంకు ఎలా బిగుసుకుంటుంది? కాటర్ పిన్నా, నాలుగు పలకల కొనా, పళ్ల కొనా, బోలు ఇరుసా? బీబీని క్రాంకును బట్టే ఎంచుకోవాలి. నాలుగు పలకల కొనల్లోనూ రెండు కొలతలున్నాయి. జపాన్ కొలత జేఐఎస్, అంతర్జాతీయ కొలత ఐఎస్ఓ. వాలు రెండింటికీ ఒకటే, కొన లావులో కొద్దిపాటి తేడా. ఐఎస్ఓ క్రాంకును అదే పొడవున్న జేఐఎస్ ఇరుసు మీద ఎక్కిస్తే అది ఉండాల్సిన చోటుకు సుమారు 4.5 మి.మీ. బయటే ఆగిపోతుంది. ఆసియాలో తయారయ్యే సైకిళ్లలో ఎక్కువ భాగం జేఐఎస్. ఐఎస్ఓ ప్రధానంగా కాంపాన్యోలో వంటి ఐరోపా క్రాంకులకు.

మూడో ప్రశ్న, ఇరుసు పొడవెంత? నాలుగు పలకల సీల్డ్ బీబీలు 107, 110, 113, 115, 118, 122.5, 127.5 మి.మీ. పొడవుల్లో దొరుకుతాయి. పొడవు మారితే చైన్ వీల్ చోటు మారుతుంది. పొడవు 4 మి.మీ. పెరిగితే చైన్ వీల్ సుమారు 2 మి.మీ. బయటికి జరుగుతుంది. ఫ్రేము నడిగీత నుంచి చైన్ వీల్ దాకా ఉన్న దూరాన్ని చైన్ లైన్ అంటారు. రెండు చైన్ వీళ్ల రేసు సైకిల్‌కు అది 43.5 మి.మీ., మూడు చైన్ వీళ్లుంటే 45, కొండ సైకిల్‌కు 47.5 నుంచి 50 దాకా. ఇరుసు పొట్టిదైతే చైన్ వీల్ ఫ్రేముకు రాసుకుంటుంది. మరీ పొడవైతే చైను ఏటవాలుగా నడిచి త్వరగా అరుగుతుంది, ముందు గేరు అందదు.

ఈ మూడింటికీ జవాబు చాలాసార్లు పాత బీబీ ఒంటి మీదే రాసి ఉంటుంది. డబ్బా మీద "68-113", "1.37×24" వంటి అంకెలు చెక్కి ఉంటాయి. తుప్పు, మురికి తుడిచి చదివితే చాలు. చెరిగిపోతే వెర్నియర్ కాలిపర్‌తో గొట్టం వెడల్పు, ఇరుసు పొడవు కొలుచుకోవాలి. పాతదాన్ని షాపుకు పట్టుకెళ్లడం అన్నిటికంటే మంచిది. అయితే పాతది ఎవరో మార్చిన తప్పు పొడవుది కావచ్చు. చైన్ వీల్ సరైన చోట ఉందో లేదో విప్పక ముందే చూసుకోవాలి.

కుడివైపు ఉల్టా మర ఎందుకు?

బీఎస్ఏ గొట్టంలో కుడి కప్పు మామూలుకు వ్యతిరేకంగా తిరుగుతుంది. ఇది తెలియక బిగుసుకునే వైపు బలమంతా పెట్టి తిప్పి, కప్పు పలకలు పాడు చేసేవారు ఎక్కువ. ఇలా ఎందుకు చేశారని అడిగితే ఇరుసు తిరిగేటప్పుడు కప్పును తనతోపాటు లాగుతుంది కాబట్టి అని జవాబు వస్తుంది. ఆ జవాబు తప్పు. కుడివైపు నుంచి చూస్తే ముందుకు తొక్కేటప్పుడు ఇరుసు గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది. రాపిడి కప్పును అటే లాగుతుందంటే ఎడమ మర వదులవ్వాలి కదా!

అసలు కారణాన్ని ఇంట్లోనే చూడొచ్చు. ఒక పెద్ద డబ్బా మూతను వెల్లకిలా పెట్టి, దాని లోపల కొంచెమే చిన్నదైన మరో గుండ్రటి మూతను పెట్టండి. చిన్న మూతను పెద్దదాని అంచుకు ఆనించి, ఆనే చోటు గడియారం దిశలో చుట్టూ తిరిగేలా జారకుండా దొర్లించండి. ఆనే చోటు గడియారం దిశలో పోతుంటే, చిన్న మూత మాత్రం నెమ్మదిగా వ్యతిరేక దిశలో తిరుగుతుంది. సైకిల్‌లో చిన్న మూత కప్పు, పెద్ద మూత గొట్టం. తొక్కేటప్పుడు బలం ఎప్పుడూ ఒకే వైపు ఉండదు. రెండు కాళ్లూ వంతులవారీగా తొక్కేకొద్దీ బేరింగు మీద పడే బలం దిశ కూడా ఇరుసుతోపాటే చుట్టూ తిరుగుతుంది. మర సందులో వెంట్రుకవాసి ఖాళీ ఉన్నా కప్పు ఆ ఖాళీలో దొర్లి, ఇరుసుకు వ్యతిరేక దిశలో కదులుతుంది. కుడివైపు ఆ దిశలో బిగుసుకునేది ఎడమ మర.

ఆ ఖాళీ 0.1 మి.మీ. ఉందనుకుంటే, కప్పు జారకుండా దొర్లితే ఒక్కో తొక్కుడు చుట్టుకు 0.3 మి.మీ. కదులుతుంది. కప్పు చుట్టుకొలత సుమారు 109 మి.మీ. కాబట్టి 350 చుట్లకు ఒక పూర్తి తిరుగుడు. నిమిషానికి 70 చుట్ల లెక్కన అయిదు నిమిషాల పని. నిజంగా బిగించిన కప్పును రాపిడి పట్టి ఉంచుతుంది కాబట్టి ఇంత వేగంగా జరగదు. కానీ ఒకసారి పట్టు సడలిందంటే కదలిక మాత్రం ఆగదు. రెండు వైపులా కుడి మర ఉండే ఇటలీ కొలత సైకిళ్లలో కుడి కప్పు తరచూ వదులవుతుందన్న ఫిర్యాదు దీని వల్లే.

పెడళ్ల దగ్గర ఇదే సూత్రం తిరగబడుతుంది. అక్కడ క్రాంకు తిరుగుతుంటే పాదం బలం దాదాపు కిందికే ఉంటుంది. అంటే క్రాంకు నుంచి చూస్తే బలం వెనక్కి తిరుగుతున్నట్టు లెక్క. అందుకే కుడి పెడల్‌కు కుడి మర, ఎడమ పెడల్‌కు ఎడమ మర. సైకిళ్లు చేసి అమ్మిన రైట్ సోదరులు, విమానం ఎగరేయడానికి మూడేళ్ల ముందు, 1900లో ఊడిరాని పెడల్ అంటూ ప్రకటించింది ఇలాంటి ఏర్పాటునే.

విప్పే వరస

గుర్తుపెట్టుకోవడానికి ఒక సులువు ఉంది. బీఎస్ఏ బీబీకి పానా పిడి పైకి ఉండేలా తగిలించి, సైకిల్ ముందు చక్రం వైపు తోస్తే రెండు వైపులా వదులవుతుంది, వెనక చక్రం వైపు లాగితే బిగుసుకుంటుంది. పెడళ్లకు దీనికి సరిగ్గా వ్యతిరేకం.

నాలుగు పలకల క్రాంకును ముందు తీయాలి. బోల్టును 14 మి.మీ. సాకెట్ పానాతో, లేదా 8 మి.మీ. ఎలెన్ కీతో విప్పి, కింద వాషర్ ఉంటే దాన్నీ తీయాలి. వాషర్ లోపల ఉండగా, క్రాంకును లాగి ఊడదీసే పనిముట్టు క్రాంక్ పుల్లర్‌ను బిగిస్తే క్రాంకు మర ఊడిపోతుంది. పుల్లర్‌ను చేత్తో చివరిదాకా ఎక్కించాకే దాని మధ్య బోల్టును తిప్పాలి. రెండు మూడు చుట్లే పట్టి ఉన్నప్పుడు బలం పెడితే మెత్తటి అల్యూమినియం మర దారాల్లా ఊడొస్తుంది. సుత్తితో కొట్టి క్రాంకు ఊడదీయడం బేరింగులకు చేటు.

సీల్డ్ బీబీకి లోపలివైపు 20 పళ్లుంటాయి, వాటికి తగిన పనిముట్టు కావాలి. ఆ పనిముట్టు జారిందంటే పళ్లు గుండుబారతాయి. అందుకే పనిముట్టును క్రాంకు బోల్టుతోనే ఇరుసుకు పట్టించి, కదలకుండా చేసి, అప్పుడు పొడవాటి పానా వేయాలి. ముందు ఎడమ కప్పు, తర్వాత కుడివైపు నుంచి డబ్బా. తుప్పుతో కరుచుకుని ఉంటే తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా ఉంచాలి.

కాటర్ పిన్ను సైకిలైతే నట్టును పిన్ను కొనతో సమానంగా ఉండేదాకా వదులు చేసి, క్రాంకు కింద గట్టి ఇనుప గొట్టం ఆధారంగా పెట్టి, ఒక్క దెబ్బలో కొట్టాలి. ఆధారం లేకుండా కొడితే ఆ దెబ్బ గోళీలకు, కప్పులకు తగులుతుంది. చిన్న చిన్న దెబ్బలు పిన్ను కొనను పుట్టగొడుగులా చేసి అక్కడే బిగించేస్తాయి.

బిగించే వరస

గొట్టం లోపల పాత గ్రీజు, తుప్పు, ఇసుక గుడ్డతో తుడిచి, మర సందులను పాత టూత్ బ్రష్, కిరోసిన్‌తో శుభ్రం చేయాలి. ఆరాక మర నిండా గ్రీజు పూయాలి. గ్రీజు మరను జారుడు చేసి ఊడగొడుతుందని భయపడనక్కర్లేదు. అది తుప్పును ఆపుతుంది, చప్పుడు రానివ్వదు, మళ్లీ విప్పేనాటికి కప్పు కదిలేలా ఉంచుతుంది.

కొత్త డబ్బా మీద కుడి, ఎడమ గుర్తులు చూసి, కుడివైపు నుంచి వేళ్లతోనే ఎక్కించాలి. నాలుగైదు చుట్లు వేళ్లకే తిరిగితే మర సరిగ్గా పట్టినట్టు. మొదటి చుట్టులోనే పానా అడిగితే వంకరగా ఎక్కుతోందని అర్థం. వెంటనే వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టాలి. కుడివైపు అంచు గొట్టానికి పూర్తిగా ఆనేదాకా బిగించాకే ఎడమ కప్పు. సీల్డ్ బీబీలకు షిమానో చెప్పే బిగింపు 50 నుంచి 70 న్యూటన్-మీటర్లు. టార్క్ పానా లేనివారికి ఒక అంచనా: 25 సెంటీమీటర్ల పానా కొన మీద 20 కిలోల బలం పెడితే సుమారు 50 న్యూటన్-మీటర్లు.

క్రాంకు బోల్టుకు 35 నుంచి 50 న్యూటన్-మీటర్లు. ఇందులో పిసినారితనం పనికిరాదు. వదులు క్రాంకుతో తొక్కితే ఉక్కు ఇరుసు పలకలు అల్యూమినియం క్రాంకు రంధ్రాన్ని గుండ్రంగా తొలిచేస్తాయి. ఆ తర్వాత ఎంత బిగించినా అది నిలవదు, క్రాంకు మార్చాల్సిందే. బోలు ఇరుసు క్రాంకుల్లో ఎడమవైపు మూతను వేళ్ల బలంతోనే, 0.7 నుంచి 1.5 న్యూటన్-మీటర్ల దాకా మాత్రమే తిప్పాలి. ఊగుడు పోగొట్టడమే దాని పని, క్రాంకును పట్టి ఉంచేవి పక్కనున్న రెండు బోల్టులు. వాటిని ఒకదాని తర్వాత ఒకటిగా కొంచెం కొంచెం 12 నుంచి 14 దాకా బిగించాలి.

గోళీల బీబీలో ఎడమ కప్పు బిగువు చేతికి తెలియాలి. ఊగుడు పోయిన క్షణానే ఆగాలి. లాక్ రింగు బిగించేటప్పుడు కప్పు కొద్దిగా కదులుతుంది కాబట్టి ఒకటికి రెండుసార్లు సరిచూడాలి. రెండు కాటర్ పిన్నులను ఎదురెదురు దిశల్లో దించాలి, లేకపోతే క్రాంకులు ఒకే గీతలో నిలవవు. పిన్నును సుత్తితోనే లోపలికి దించాలి. నట్టు దాన్ని జారకుండా ఉంచడానికే తప్ప లాగి బిగించడానికి కాదు.

మర లేని గొట్టాలు

ఖరీదైన సైకిళ్లలో, ముఖ్యంగా కార్బన్ ఫ్రేముల్లో, మర మాయమైంది. కేనన్‌డేల్ కంపెనీ 2000లో రూపొందించి, 2006లో అందరూ వాడుకునేలా వదిలిన బీబీ30లో 42 మి.మీ. రంధ్రంలోకి బేరింగులను నేరుగా ఒత్తేస్తారు. తర్వాత షిమానో 41 మి.మీ. రంధ్రపు పద్ధతి, స్రామ్ కంపెనీ 46 మి.మీ. పద్ధతి వచ్చాయి. మర కోయడం, లోహపు గొట్టం అమర్చడం తప్పుతాయి కాబట్టి ఫ్రేము తేలికవుతుంది, తయారీ సులువవుతుంది. కానీ బేరింగును పట్టి ఉంచేది రంధ్రపు బిగువు ఒక్కటే. ఆ రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా, రెండు వైపులా ఒకే గీతలో లేకపోయినా ప్రతి తొక్కుడుకూ కప్పు కదిలి కిరకిరలాడుతుంది. వీటిని ఎక్కించడానికి ఒత్తే పనిముట్టు తప్పనిసరి, సుత్తి ముట్టుకోకూడదు. ఇంట్లో తేలిగ్గా చేసుకునే పని కాదిది.

ఈ కిరకిరల ఫిర్యాదులు పెరిగాకే 2015లో అమెరికాలో క్రిస్ కింగ్, ఆర్గోనాట్ కంపెనీలు టీ47 పేరుతో 47 మి.మీ. మర కొలతను తెచ్చాయి. లావు ఇరుసుకు చోటిస్తూనే మరను వెనక్కి తెచ్చిన ఈ కొలతను తర్వాత పెద్ద కంపెనీలూ అందుకున్నాయి.

రోజూ ఆఫీసుకో, పొలానికో, బడికో తొక్కే సైకిల్‌కు, 68 మి.మీ. బీఎస్ఏ గొట్టం, నాలుగు పలకల సీల్డ్ బీబీ చాలు. అది తేలికైనదీ కాదు, కొత్తదీ కాదు. కానీ దొరుకుతుంది, నీటికి కొంత ఓర్చుకుంటుంది, మామూలు పనిముట్లతో మారుతుంది. కొత్త సైకిల్ కొనేటప్పుడు గేర్ల సంఖ్య, రంగు అడిగినట్టే బీబీ ఏ కొలతదో కూడా అడగండి. ఉన్న సైకిల్‌కు గొట్టం వెడల్పు, ఇరుసు పొడవు, క్రాంకు రకం ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. చప్పుడు మొదలైన రోజున తొక్కి తొక్కి క్రాంకు కూడా పాడయ్యేదాకా ఆగకుండా, ఆ కాగితంతో షాపుకు వెళ్లండి.